అడుగున పడిన లైను

జక్రయ్య మాస్టారు పూట గడవక బజ్జీల బండి దగ్గర ఎంగిలి కాగితాలు ఏరుకున్నాడని చిలకలూరిపేట పాత బస్టాండు చుట్టుపక్కల ఒక మాట ఉంది. ఇంకొందరు మరో అడుగు ముందుకేసి మతి చలించిందని కూడా అన్నారు.

కాగితాలు ఏరిన మాట నిజమే. రెండువేల ఆరు మార్చి నెలలో ఒక సోమవారం సాయంత్రం, పదిమందీ చూస్తుండగానే ఏరారు. పూట గడవక మాత్రం కాదు. ఆ రోజు వాళ్ళింట్లో గోంగూర పప్పు, వేయించిన వడియాలు. ఎదురింటి సుబ్బరావమ్మకు ఆ సంగతి వాసనతోనే తెలుసు. ఇక మతి సంగతంటారా, ఆ సాయంత్రం ఆ బస్టాండు మొత్తంలో సరిగ్గా పనిచేసిన మతి ఆయనదొక్కటే.

మాస్టారిది మార్టూరు పక్కన రాళ్ళు కొట్టుకునే కుటుంబం. మిషను బడిలో పదో తరగతి అయ్యాక గుంటూరు వెళ్ళి టైపు నేర్చుకున్నారు. డెబ్బైనాలుగులో చిలకలూరిపేట వచ్చి, మూడు పాత మిషన్లతో జ్యోతి టైపు ఇన్‌స్టిట్యూట్ అని బోర్డు కట్టారు. లోయరు, హయ్యరు పరీక్షలకు కూర్చున్న పిల్లల్లో సగం మంది ఆయన చేతికిందివాళ్ళే. ఎవరొచ్చినా మొదటి పాఠం ఒకటే. ఎడమ చేతికి ఎ ఎస్ డి ఎఫ్ జి ఎఫ్. కుడి చేతికి సెమికోలన్ ఎల్ కె జె హెచ్ జె. వారం రోజులు అదే కొట్టించేవారు. అన్నం కలుపుతున్నా వేళ్ళు అదే పాట పాడేవని ఆయన దగ్గర నేర్చుకున్న ఆడపిల్లలు ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఆయన పెట్టుకున్న నియమాలు రెండు. మొదటిది, టైపు చేసేవాడు అక్షరం చూడాలి, విషయం చదవకూడదు. కోర్టు అఫిడవిట్లు, అన్నదమ్ముల పంపకాలు, మొగుడూ పెళ్ళాల విడాకుల నోటీసులు, ఎన్నో ఆయన వేళ్ళ మీదుగా పోయాయి. ఒక్కటీ ఆయన నోటిదాకా రాలేదు. సుబ్బరావమ్మ ముప్పై ఏళ్ళుగా ప్రయత్నించి ఓడిపోయిన చోటు అదే. రెండోది, సాయంత్రం షట్టరు వేసే ముందు ఆ రోజు వాడిన కార్బను కాగితాలన్నీ డాల్డా డబ్బాలో వేసి కాల్చేయడం. కార్బనును వెలుతురుకు పట్టి చూస్తే కొట్టిందంతా కనిపిస్తుంది. ఒకరి గుట్టు ఇంకొకరి చేతిలో పడకూడదని ఆయన పట్టుదల.

తొంభై ఎనిమిది నాటికి టైపు నేర్చుకునేవాళ్ళు ఆరుగురికి పడిపోయారు, రెండువేలకు ఇద్దరు. మాస్టారు ఎవరినీ తిట్టుకోలేదు. రెండువేల ఒకటిలో రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటరు తెచ్చి, పాత బోర్డు కిందే ఇంటర్నెట్ సెంటర్ అని రాయించారు. ఆయన కొత్తగా నేర్చుకున్నదల్లా ఎలుకను తిప్పడమే. మిగతా అక్షరాలన్నీ పాత చోటనే ఉన్నాయి. వెనక వీధి జిన్నింగు మిల్లు నుంచి దూది నుసి వచ్చి మీటల సందుల్లో పేరుకునేది. దాన్ని సైకిలు పంపుతో ఊదేవారు. మిర్చి లారీలు పోయినప్పుడు లోపలున్న వాళ్ళంతా ఒకేసారి తుమ్మేవాళ్ళు. అంతకు మించి ఆ సెంటరుకు కష్టమేమీ లేదు.

కంప్యూటరుకు కార్బను ఉండదు కాబట్టి కాల్చే పని తప్పిందనుకున్నారు. పాడైన ప్రింట్లు, సిరా చాలక మసకగా వచ్చినవి, బోర్లించి ఒక కట్టగా పెట్టేవారు. చదవరు కదా, అందుకని బోర్లించడమే. శనివారం శనివారం ఆ కట్ట బస్టాండు మూలన మిరపకాయ బజ్జీలు వేసే మాలకొండయ్యకు వెళ్ళేది. వారం మధ్యలో మాస్టారికి ఎప్పుడు బుద్ధి పుడితే అప్పుడు ఒక పొట్లం వచ్చేది. ఐదేళ్ళు ఇద్దరికీ అలా బాగానే జరిగింది.

ఇక కరీమున్ సంగతి. ఆ అమ్మాయి మాస్టారి దగ్గర హయ్యరు పాసయింది. జిన్నింగు మిల్లులో దూది బేళ్ళు కట్టే హయాత్‌ను చేసుకుని ఆ పక్క సందులోనే కాపురం పెట్టింది. రెండుసార్లు ఉద్యోగాలకు దరఖాస్తు పెట్టింది, రెండుసార్లూ రాలేదు. రాకపోవడం కంటే సందులో వాళ్ళ పలకరింపులే ఆమెను ఎక్కువ బాధపెట్టాయి. కుళాయి దగ్గర బిందె దించితే చాలు, “ఏమ్మా కరీమున్, ఆఫీసుకి సెలవా ఇయ్యాల?” అనేవాళ్ళు. ఆ అన్నవాళ్ళలో సుబ్బరావమ్మ కూడా ఉందని ఒప్పుకోవాలి.

అందుకే మూడోసారి ఎవరికీ చెప్పలేదు, హయాత్‌కు కూడా. గుంటూరులో మిర్చి ఎగుమతి చేసే ఒక కంపెనీ ఆఫీసులో కంప్యూటరు టైపిస్టులు కావాలన్నారు. దరఖాస్తు ఇంటర్నెట్లోనే పెట్టాలి. ముప్పై నాలుగు నిండితే తీసుకోరు. కరీమున్‌కు మే నెలలో ముప్పై నాలుగు నిండుతాయి. ఇది పోతే ఇక లేదన్నమాట. మాస్టారి సెంటరులో కూర్చుని తానే నింపుకుంది. దరఖాస్తుకు తాళం మాట, అదే పాస్‌వర్డ్, పెట్టుకోమని తెర మీద అడిగితే పెట్టుకుంది. రెండు పేజీల ప్రింటు మొదటిసారి మసకగా వచ్చింది, రెండోసారి బాగా వచ్చింది. బాగా వచ్చింది రవికెలో దాచుకుని వెళ్ళిపోయింది. మసక కాగితాలు కట్టలో చేరాయి.

ఆ సోమవారం మాస్టారు మాలకొండయ్య బండి పక్కన బల్ల మీద కూర్చుని పొట్లం విప్పారు. రెండు బజ్జీలు తిన్నాక కాగితం అడుగున నూనె పరుచుకుని అక్షరాలు తేలాయి. ఆయన చదవలేదు. ముప్పై రెండేళ్ళు ప్రతి ఉదయం పిల్లల చేత కొట్టించిన ఆరు అక్షరాలు అక్కడుంటే, కన్ను దానంతటదే ఆగింది.

ఎ ఎస్ డి ఎఫ్ జి ఎఫ్.

పేజీ అడుగున సన్నటి అక్షరాల్లో ఆ పేజీ చిరునామా పడింది. ఏ పేజీ ప్రింటు తీసినా దాని ఇంటర్నెట్ అడ్రసు అడుగున పడుతుంది. రోజూ కొన్ని వందలు చూసినా ఆయన దాన్ని ఎన్నడూ పట్టించుకోలేదు. మామూలుగా అది ఒక ముక్క ఉంటుంది. ఇది రెండు వరుసలుంది. కంపెనీ పేరు, తర్వాత కరీమున్ పేరు, తర్వాత పాస్‌వర్డ్ అనే మాట, దాని పక్కన సమానం గుర్తు, ఆ పక్కనే తన మొదటి పాఠం.

మాస్టారు చేతిలో బజ్జీ పొట్లంలో పెట్టేశారు.

పాస్‌వర్డ్ అంటే ఎవరూ చూడకూడనిదని ఆయనకు తెలుసు. అది కొట్టేటప్పుడు తెర మీద అక్షరాలకు బదులు నల్లచుక్కలు పడతాయి. ఎవరైనా అది కొడుతుంటే మర్యాదగా ముఖం గోడ వైపు తిప్పుకునేవారు. చుక్కల వెనక దాచినట్టే దాచి, ఆ కంపెనీ వాళ్ళు దాన్ని అడ్రసులో తగిలించి ఊరంతా తిప్పుతున్నారు. ఈ రెండు వరుసలు చూసినవాడెవడైనా ఏ ఊళ్ళో కంప్యూటరు ముందు కూర్చున్నా సరే, ఉన్నదున్నట్టు కొడితే కరీమున్ దరఖాస్తు తలుపు తెరుచుకుంటుంది. లోపలికి పోయి దిద్దొచ్చు, చెరిపేయొచ్చు. ఆఖరి తేదీ బుధవారం.

అడ్రసు పక్కనే ఇంకో ముక్క ఉంది. రెండు పేజీల్లో ఇది రెండోది అని. అంటే మొదటిది ఎక్కడో ఉంది.

“మాలకొండయ్యా, ఈ కాగితం శనివారం కట్టలోదేనా?”

“ఇంకెక్కడిది మాస్టారూ. మీ కాగితమే బాగుంటది. న్యూసు పేపరు సిరా బజ్జీకి అంటుద్ది, మీదానికి అంటదు.”

“దీని జత కాగితం ఏది?”

“కాగితానికి జతేంటి, చెప్పులా?”

“ఎవరికి కట్టి ఇచ్చావో గుర్తుందా అని.”

“నేను చేతులు చూసి ఇస్తా మాస్టారూ. మొహాలు చూస్తే బజ్జీ మాడిపోద్ది. ఏం, కారం ఎక్కువైందా?”

మాస్టారు మిగిలిన కట్టంతా తీసుకుని చంకలో పెట్టుకున్నారు. “మరి నేను దేంట్లో కట్టేది?” అని మాలకొండయ్య అడుగుతుంటే, “ఈ పూటకి విస్తరాకులో కట్టు” అన్నారు. కట్ట మొత్తం అక్కడే తిరగేశారు, మొదటి పేజీ లేదు. ఇక వంగి, బండి కింద, బల్లల కింద, మురుగు కాలువ గట్టున పడున్న కాగితాలు ఒక్కొక్కటే తీసి, విప్పి, అడుగు లైను చూసి, మడిచి జేబులో పెట్టుకోవడం మొదలుపెట్టారు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, ఇస్త్రీ చొక్కా, ముక్కు మీద కళ్ళజోడు.

మందుల షాపు త్రినాథ్ మెట్ల మీద నుంచి, “ఏం పోయింది మాస్టారూ?” అని కేకేశాడు.

“కాగితం” అన్నారు మాస్టారు. అబద్ధం ఆడలేదు, నిజం చెప్పలేదు. ఆ ఒక్క మాట నుంచే మిగతా కథంతా పుట్టింది.

మొదటి పేజీ దొరకలేదు. చీకటి పడ్డాక ఇంటికొచ్చి చేతులు కడుక్కున్నా నూనె వాసన పోలేదు. గోంగూర పప్పు సగం తిని లేచారు. తప్పు ఎక్కడ జరిగిందో ఆయనకు తెలుసు. చదవకూడదన్నది మంచి నియమమే. చదవకపోవడం వల్ల ఏం పారేస్తున్నారో కూడా చూడలేదు. కార్బను పోయిందనుకున్నారు కానీ, అది పోలేదు. వచ్చి కాగితం అడుగున కూర్చుంది.

మంగళవారం ఉదయం కరీమున్ ఇంటికి వెళ్ళారు. వాకిట్లో అత్తగారు ఖుర్షిదా మంచం మీద కూర్చుని ఎండుమిరపకాయల తొడిమలు తీస్తోంది. కరీమున్ గుమ్మంలోకి వచ్చి మాస్టారి ముఖం చూడగానే ఆగిపోయింది. దరఖాస్తు సంగతి ఇంట్లో తెలియదని ఆ ముఖమే చెప్పింది.

“రండి మాస్టారూ, ఎన్నాళ్ళకి” అంది ఖుర్షిదా. “టీ పెట్టవే. ఏంటి ఇట్లా వచ్చారు?”

“పాత విద్యార్థుల పాఠాలు సరిచూస్తున్నానమ్మా. అమ్మాయి మొదటి పాఠంలో తప్పు వచ్చింది.”

“ఇప్పుడా? పదిహేనేళ్ళకా?”

“ఆలస్యంగా చూశాను. తప్పు నాదే. ఎ ఎస్ డి ఎఫ్ అమ్మా, అది ఊళ్ళో అందరికీ వచ్చేసింది. ఇయ్యాలే వచ్చి వేరే పాఠం కొట్టాలి.”

కరీమున్ టీ గ్లాసు ఆయన చేతికిచ్చింది. “వస్తాను సార్” అంది.

“పొయ్యి మీద కూరుందే” అంది అత్త.

“నువ్వు చూడు అత్తా. మాస్టారు తప్పంటే దిద్దుకోవాల్సిందే” అని చెప్పులేసుకుంది.

“చదువుకున్న కోడలు వద్దురా అంటే విన్నాడా వాడు” అని ఖుర్షిదా మిరపకాయలతో చెప్పుకుంది.

సెంటరులో మాస్టారు ముందు కాగితం చూపించి, జరిగింది దాచకుండా చెప్పారు. కరీమున్ మీటల ముందు కూర్చుని పేజీ తెరిచింది. పైన ఎర్ర అక్షరాల్లో, దరఖాస్తు ఉపసంహరించుకున్నారు అని ఉంది. తేదీ ఆదివారం, ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలు. ఆ వేళకు మాస్టారు చర్చిలో ఉన్నారు, సెంటరు షట్టరు కిందికి వేసి ఉంది.

“నేను చేయలేదు సార్.”

“తెలుసమ్మా.”

“ఎవరై ఉంటారు? కావాలని చేశారా?”

“కావాలని చేశారో, ఏమవుతుందో చూద్దామని నొక్కారో. అది వెతకాలంటే నెల పడుతుంది. మనకు రేపు సాయంత్రం దాకానే ఉంది. కొత్తగా పెట్టుకోవచ్చేమో చూడు.”

పెట్టుకోవచ్చు. కానీ రెండు పేజీలూ మళ్ళీ మొదటి నుంచి నింపాలి. కరీమున్ నింపుతుంటే మాస్టారు పక్కన కూర్చుని, జీవితంలో మొదటిసారి ఇంకొకరి కాగితం విషయంతో సహా చదివారు. పుట్టిన తేదీ సరిచూశారు, హయ్యరు పాసైన ఏడాది సరిచూశారు. సగంలో కరెంటు పోయింది. కరెంటు కోసం ఇద్దరూ ముప్పావు గంట కూర్చున్నారు. కరెంటు వచ్చాక ఆమె మళ్ళీ మొదలుపెట్టింది, వేళ్ళు తడబడలేదు.

తాళం మాట దగ్గరికి రాగానే మాస్టారు అలవాటుగా గోడ వైపు తిరిగారు. నాలుగు మీటల చప్పుడు విని, “కుడిచేతి పాఠం కూడా వద్దమ్మా” అన్నారు.

కరీమున్‌కు నవ్వొచ్చింది. “చూడకుండానే ఎట్లా తెలిసింది సార్?”

“ముప్పై రెండేళ్ళు విన్నాను. ఇంకేదైనా పెట్టు. ఈసారి వినను కూడా.”

ఆయన సైకిలు పంపు తీసుకుని రెండో కంప్యూటరు మీటల్లో దూది నుసి గట్టిగా ఊదడం మొదలుపెట్టారు. ఆమె పెట్టుకున్నదేంటో ఇప్పటికీ ఆయనకు తెలియదు.

దరఖాస్తు చేరింది. పైన అడ్రసు గడిలో కొత్త మాట కూడా పాతదానిలాగే బట్టబయలుగా కనిపించింది. దానికి వాళ్ళు చేయగలిగిందేమీ లేదు, అది కంపెనీ కట్టుకున్న ఇల్లు. మాస్టారు చేతి రుమాలు తీసి తెర పైభాగాన కప్పారు. ప్రింటు తీశాక రెండు పేజీలూ చదవకుండా పట్టుకుని, అడుగున రెండు వేళ్ళ వెడల్పున కత్తెరతో కత్తిరించారు. ఆ ముక్కలు ఐదేళ్ళుగా ఖాళీగా ఉన్న డాల్డా డబ్బాలో వేసి అగ్గిపుల్ల గీశారు.

“ఇదేంటి సార్?”

“ఇదీ కార్బనేనమ్మా. నాకే తెలియలేదు.”

అప్పుడే ఇంకోటి కూడా తట్టింది. అడ్రసు గడి పక్కన బాణం గుర్తు నొక్కితే, ఆ కంప్యూటరు మీద అంతకు ముందు తెరిచిన అడ్రసులన్నీ వరసగా దిగుతాయి. ఇన్నాళ్ళూ దాన్ని సదుపాయం అనుకున్నారు. ఆ సాయంత్రం మొదలు షట్టరు వేసే ముందు ఆ జాబితా తుడిచేయడం, కత్తిరించిన ముక్కలు కాల్చడం మళ్ళీ రోజువారీ పని అయింది. గోడ మీద కొత్తగా ఒక అట్ట వేలాడింది. మొదటి పాఠం వేళ్ళకు మాత్రమే, తాళానికి పనికిరాదు అని. పాత విద్యార్థులు దాన్ని చూసి, తమ తాళం మార్చుకోవడానికి గబగబా కంప్యూటరు ముందు కూర్చునేవాళ్ళు. ఎంతమంది కూర్చున్నారో చూస్తే మాస్టారి పాఠం ఎంత దూరం వెళ్ళిందో తెలిసేది.

కంపెనీకి ఒక ఉత్తరం కూడా రాశారు. పాత మిషను మీద, కార్బను లేకుండా. మీ అడ్రసులో దరఖాస్తుదారుల తాళాలు బయటకు కనబడుతున్నాయి, దయచేసి లోపల పెట్టుకోగలరు అని నాలుగు ముక్కలు. ఎవరి పేరూ రాయలేదు. జవాబు రాలేదు. వానాకాలం నాటికి మాత్రం ఆ అడ్రసు ఒక్క వరసకు తగ్గింది. ఉత్తరం వల్లో, ఇంకెవరైనా మొత్తుకుంటేనో తెలియదు.

మాలకొండయ్యకు ఇక ప్రింటు కాగితాలు వెళ్ళలేదు. బదులుగా మాస్టారు ఇంట్లో పాత క్యాలెండర్లు, టైపు పరీక్షల పాత మోడల్ పేపర్లు మోసుకెళ్ళి ఇచ్చారు. “చదువంతా బజ్జీలకే పోసేస్తున్నారు మాస్టారూ” అని మాలకొండయ్య నవ్వాడు.

ఏప్రిల్ చివర కరీమున్‌కు ఇంటర్వ్యూ పిలుపు వచ్చింది. మే నెలలో, ముప్పై నాలుగు నిండడానికి తొమ్మిది రోజుల ముందు, ఉద్యోగం వచ్చింది. అప్పుడు ఇంట్లో చెప్పింది. హయాత్ వెంటనే వెళ్ళి బస్సు టైములు కనుక్కొచ్చాడు. ఖుర్షిదా ఇంటింటికీ సేమ్యా పాయసం గిన్నె పట్టుకుని తిరిగి, “మా కోడలు చదువుకుంది” అని చెప్పింది.

పాయసం తింటూ సుబ్బరావమ్మ గుచ్చి గుచ్చి అడిగితే కరీమున్, “అంతా సార్ వల్లే పెద్దమ్మా. ఆయన ఆ రోజు కాగితాలు వెతకబట్టి” అని, సగం చెప్పి సగం మింగేసింది. మిగతా సగం కరీమున్ నోటి నుంచే రాబట్టడానికి సుబ్బరావమ్మకు రెండు నెలలు పట్టింది. అంతా తెలిశాక ఆమెకు నిద్ర పట్టలేదు. బస్టాండులో మతి చలించిందన్న మాట ఇంకా తిరుగుతూనే ఉంది. త్రినాథ్ అయితే నటించి మరీ చూపిస్తున్నాడు, వంగి, కళ్ళజోడు సర్దుకుని. మాస్టారు ఆ షాపు ముందు నుంచే రోజూ నడిచి వెళ్తున్నారు, ఒక్క మాట అనకుండా. ఒక్క మాటంటే చాలు, అందరి నోళ్ళూ మూతపడతాయి. కానీ ఆ మాట అనాలంటే కరీమున్ పేరు చెప్పాలి.

ఒక ఆదివారం ఆయన చర్చి నుంచి వస్తుంటే, తెలిసిందే అయినా ఆయన నోటి నుంచి వినాలని సుబ్బరావమ్మ వాకిట్లోనే ఆపేసింది.

“మాస్టారూ, ముప్పై ఏళ్ళ నుంచి ఎదురూబొదురూ ఉంటున్నాం. డొంకతిరుగుడుగా ఎన్నో అడిగాను, మీరు చెప్పలేదు. ఇప్పుడు సూటిగా అడుగుతున్నాను. ఆ రోజు ఆ కాగితాల్లో ఏముందయ్యా?”

మాస్టారు కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచి మళ్ళీ పెట్టుకున్నారు.

“అడుగున ఒక లైను ఎక్కువ పడిందండి, సుబ్బరావమ్మ గారూ. కత్తిరించేశాను.”